సంచి నిండా హైటెన్షన్

జూలై 7, సోమవారం

ఈ డైరీ మొదటి పేజీలో పేరు, ఊరు, వృత్తి, బ్లడ్ గ్రూపు అని అచ్చు వేశారు. ఓబుళప్ప, హిందూపురం, సొంత లారీకి సొంత డ్రైవరు అని నింపాను. బ్లడ్ గ్రూపు తెలియదు. బ్లడ్ ప్రెషరు మాత్రం ఈ రోజు తెలిసింది.

వచ్చే నెల లైసెన్సు రెన్యువల్. దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే పుట్టపర్తికి పోయాను. మాధవీలత అని, చిన్న వయసు డాక్టరమ్మ. చేతికి పట్టీ చుట్టి, లారీ టైరుకు కొట్టినట్టు గాలి కొడుతూనే ఉంది. తర్వాత స్టెతస్కోపు తీసి, "ఓబుళప్ప గారూ, ఇంత బీపీతో లారీ నడపొచ్చని నేను సంతకం పెట్టలేను. నెల రోజులు మాత్రలు వాడండి, ఉప్పు తగ్గించండి, ముఖ్యంగా టెన్షన్ తగ్గించుకోండి. నార్మల్‌కు వస్తే పెడతాను" అంది. నాకసలు టెన్షనే లేదమ్మా అన్నాను. కొంచెం గట్టిగా అన్నట్టున్నాను. బయట వరుసలో కూర్చున్న వాళ్లు లోపలికి తొంగి చూశారు.

టెన్షన్ ఎప్పుడెప్పుడు, ఎందుకెందుకు వస్తోందో రోజూ రాసుకోమంది. ఎవరికీ చూపించక్కరలేదట, నా కోసమేనట. అందుకే ఈ డైరీ.

సంతకం పడకపోతే లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే లారీ అమ్మాలి. లారీ అమ్మితే నేను పొద్దున లేచి ఏం చెయ్యాలి? మా నాయన మగ్గం గుంతలో కూర్చోబెట్టాలని చూస్తే పారిపోయి క్లీనరుగా చేరిన వాణ్ని. ఇప్పుడు మళ్లీ ఏ గుంతలో కూర్చుంటాను.

ఈ రోజు టెన్షన్: లేదు.

జూలై 8, మంగళవారం

మాత్ర వేసుకున్నాను. పప్పులో ఉప్పు లేదు. ఆ విషయం మా ఇంటామె సుబ్బమ్మకు నెమ్మదిగా చెప్పాను. కంచం దానంతట అదే జారింది.

టెన్షన్: లేదు.

జూలై 10, గురువారం

లారీ నడుం విరిగింది.

హిందూపురం మార్కెట్ యార్డులో చింతపండు ఎత్తుకొని ధర్మవరానికి బయలుదేరాను. పెనుకొండ దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి కిర్రు కిర్రుమని మొదలైంది. చింతపండు బస్తాలు కిర్రుమనవు. సంజీవప్ప షెడ్డు ముందు ఆపాను. సంజీవప్ప నాకు కుర్రతనం నుంచి తెలుసు. లారీకి వెన్నెముక లాంటి ఛాసిస్ పనిలో ఆ చుట్టుపక్కల అతణ్ని మించిన వాడు లేడు. ఆ సంగతి అతనికి కూడా తెలుసు, అదే చిక్కు.

టార్చి పట్టుకొని కిందికి దూరిన మనిషి ఎంతకీ బయటికి రాలేదు. నిద్రపోయాడేమోనని కాలు తట్టాను. వచ్చాడు.

"ఏమబ్బా ఓబుళప్పా, ఎంత లోడు ఏసినావు?"

"పర్మిట్‌లో ఎంతుందో అంతే."

"పోలీసులకు చెప్పే మాట ఛాసిస్‌కు చెప్పొద్దు. ఈడ చూడు."

చూశాను. వెనక బరువు మోసే కమాన్‌కట్ట తగిలించే చోట ఛాసిస్‌కు వెంట్రుకంత పగులు. దాని పక్కనే అడ్డపట్టీ రివెట్లు ముసలివాడి పళ్ల మాదిరి ఊగుతున్నాయి. వెల్డింగు కొట్టి పంపమన్నాను.

"వెల్డింగు ఒక్కటే చాలదు. పైన ఇంకో పట్టీ ఏసి, హైటెన్షన్ బోల్టులతో బిగించాల. నా దగ్గర ఉండేటివి నార్మల్ బోల్టులు. అవి ఏస్తే నీ బండి ముందర సగం ధర్మవరం చేరుతాది, వెనక సగం నా షెడ్డుకు తిరిగొస్తాది. హిందూపురంలోనే తీసుకొని రా పో."

చింతపండును ఇంకో బండికి మార్చి, బస్సులో ఇంటికొచ్చాను. దారిలో సుబ్బమ్మ ఫోను చేసింది. సంగతి చెప్పాను. "ఇంగ అమ్మేయరాదా దాన్ని. డాక్టరమ్మ వద్దనె, బండి గూడా వద్దనె" అంది. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది.

టెన్షన్: లారీకి. నాకు కాదు.

జూలై 12, శనివారం

సుధారాణి అంగడికి పోయాను. డిప్లొమా చదివిన పిల్ల. మొగుడు బెంగళూరులో ఏదో కంపెనీలో పనిచేస్తాడు, ఈమె ఇక్కడ అత్త రంగనాయకమ్మతో కలిసి నట్లు బోల్టుల అంగడి నడుపుతుంది. నన్ను మామా అంటుంది.

హైటెన్షన్ బోల్టులు అడిగితే డబ్బా తీసి పెట్టింది. ఒక్కోదాని నెత్తి మీద 10.9 అని అంకె ఉంది. పక్క డబ్బాలో 8.8 అని ఉన్నాయి. ఎనిమిది శని అంకె. రెండు ఎనిమిదులు పక్కపక్కనే అంటే ఒకరు కాదు, ఇద్దరు శనులు. వాటిని ముట్టుకోలేదు. ఇంకో డబ్బాలో 12.9 కనిపించింది.

"అవి ఇయ్యి. నంబరు పెద్దది" అన్నాను.

"అవి వద్దు మామా. గట్టివే, కాదనను. కానీ మరీ బిరుసు. వానలో, బురదలో తుప్పు పట్టినాయంటే చెప్పాపెట్టకుండా పుటుక్కుమంటాయి. ఛాసిస్ పనికి పది పాయింట్ తొమ్మిది సరిపోతాది."

"గట్టిది యాడన్నా విరుగుతాదా?"

"మనుషుల్లో చూడలేదా మామా" అంది. ఎవరిని చూసి అందో అర్థం కాలేదు. అంగడిలో నేనొక్కణ్నే ఉన్నాను.

10.9 తెచ్చాను. నట్లు కూడా వాటికి తగినవే ఇచ్చింది. పాత నట్లు వాడొద్దని రెండుసార్లు చెప్పింది. నేను చిన్నపిల్లాణ్నా?

జూలై 13, ఆదివారం

బోల్టుల సంచి స్టూలు మీద పెట్టాను. సుబ్బమ్మ ఒకటి తీసి తిప్పి చూసింది.

"ఏందివి?"

"హైటెన్షన్ బోల్టులు."

"అంటే?"

"అంటే మామూలువి కాదు. మామూలు వాటిని నార్మల్ అంటారు. ఇవి బాగా టెన్షన్ ఉండేవి" అని కొంచెం గొప్పగానే చెప్పాను. నా లారీకి పడబోయే సామాను గురించి గొప్పగా చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు.

సుబ్బమ్మ ఆ బోల్టును సంచిలో వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది. కాసేపటికి నెత్తి నొస్తోందని గుడ్డ బిగించి కట్టుకొని పడుకుంది. ఎండ వల్ల అయ్యుంటుంది. పొద్దుటి నుంచి మబ్బు పట్టే ఉంది కానీ, మబ్బు ఎండ ఇంకా చెడ్డది.

జూలై 14, సోమవారం

క్షౌరం చేయించుకొని వచ్చేసరికి ఇంటికి తాళం. కాసేపటికి సుబ్బమ్మ చెమటలు కక్కుకుంటూ వచ్చింది. యాడికి పోయినావు అంటే ధనలక్ష్మి ఇంటికి అంది. ధనలక్ష్మి ఇల్లు పక్క సందులోనే. అంత చెమట ఎందుకో. అడిగితే టెన్షన్ అని అడగలేదు.

స్టూలు మీది సంచి కిందికొచ్చింది. ఊడ్చినట్టుంది.

జూలై 15, మంగళవారం

ఈ రోజు జరిగింది నిదానంగా రాయాలి. నిదానంగానే రాస్తున్నాను. పెన్ను ములుకు విరిగింది, ఇది వేరే పెన్ను.

సంచి తీసుకొని పెనుకొండకు పోయాను. సంజీవప్ప అప్పటికే పగులు చివర చిన్న బెజ్జం వేసి, అది ఇంకా పాకకుండా చేసి, వెల్డింగు కొట్టి, పైన పట్టీ కూర్చి పెట్టాడు. పని బాగుంది. మొహం మీద మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడని ఊరుకున్నాను. సంచి విప్పి ఒక బోల్టు తీశాడు. ఇంకోటి తీశాడు.

"ఏమబ్బా, వీటి నెత్తిన నంబరు లేదే."

"నీ కండ్లకు లేదు."

"ఇవి నార్మల్ బోల్టులప్పా."

"నేను సొంతంగా అంగడికి పోయి, నంబరు చూసి, నా చేత్తో తెచ్చినా. నాకు చెప్తాండావా?"

"నీ చేత్తో తెచ్చినావులే. నీ కండ్లతో ఒకసారి చూడు."

అద్దాలు ఇంట్లో మరచి వచ్చాను. ఆ సంగతి చెప్పడం ఇష్టం లేక, చూడాల్సిన పని లేదన్నాను. సంజీవప్పతో ఇదే గొడవ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. చివరికి నేనే, "బిగించు. ఒక్కటి విరిగినా మీసం తీసేస్తా" అన్నాను.

అతను కొత్తగా కొన్న టార్కు రెంచి తీశాడు. బోల్టుకు ఎంత బిగువు కావాలో ముందే దానికి చెప్పి పెట్టుకోవచ్చు. అంత రాగానే టిక్కుమంటుంది. హైటెన్షన్ బోల్టుకు ఉండాల్సిన బిగువు పెట్టి, "చూడు మరి" అని తిప్పడం మొదలుపెట్టాడు. తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. టిక్కు రాలేదు. బోల్టు మెడ దగ్గర సాగి, సన్నబడి, పుటుక్కుమని తెగి నా చెప్పు పక్కన పడింది.

సంజీవప్ప ఆ ముక్కను తీసి నా అరచేతిలో పెట్టాడు. మీసం ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నాకు కోపం రాలేదు. సుధారాణి దొంగ సరుకు అంటగట్టింది, అంతే. రేపు పోయి మర్యాదగా అడుగుతాను.

జూలై 16, బుధవారం

మర్యాదగానే మొదలుపెట్టాను. ముగింపు ఎట్లా వచ్చిందో రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఎవరూ చదవరు కదా.

అంగడి నిండా జనం. తెగిన ముక్కను బల్ల మీద పడేసి, ఇదేనా నువ్వు అమ్మే సరుకు, మామా మామా అంటూనే మామ నెత్తిన టోపీ పెట్టినావు అని అరిచాను. అవును, అరిచాను. ఈ బోల్టుతో నేను లోడు ఎత్తుకొని పోయింటే నీ మామ ఈ పాటికి పెనుకొండ ఆస్పత్రిలో ఉండేవాడని కూడా అన్నాను. సుధారాణి ముక్క తీసి వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది నేనిచ్చింది కాదు మామా."

"మరి ఆకాశం నుంచి పడిందా?"

లోపలి గదిలో నుంచి రంగనాయకమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "అదేమప్పా, నిన్నగాక మొన్న మీ ఇంటామెనే గదా వచ్చి మార్చుకొని పాయ. సుధ అన్నానికి పోయింటే నేనే అంగట్లో ఉంటి. 'మా ఆయనకు టెన్షన్ పడదు, డాక్టరమ్మ వద్దనింది, ఈ హైటెన్షన్‌వి నువ్వే పెట్టుకొని నార్మల్‌వి ఇయ్యి' అనె. మొగుడి మీద ఎంత ప్రేమ ఉండాదో అనుకొని నేను గూడా ఇస్తి."

అంగడిలో ఎవరో ఒకరు ముందు నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. నేను తేలు కుట్టిన దొంగ మాదిరి నిలబడ్డాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఓబుళప్ప ఎంత.

సుధారాణి మాత్రం నవ్వలేదు. పీట వేసి, నీళ్లు ఇచ్చింది. తప్పు మాటలన్నాను తల్లీ అన్నాను. "అయ్యో, మా అత్తది గూడా తప్పుందిలే మామా" అని, ఒక 10.9 బోల్టు తీసి చూపిస్తూ చెప్పింది. బిగించినప్పుడు బోల్టు కంటికి కనిపించనంత సాగుతుందట. సాగి, మళ్లీ మామూలుకు రావాలని లాగుతూ ఉంటుందట. రెండు పట్టీలను పట్టి ఉంచేది ఆ లాగుడేనట.

"పది అంటే ఇది ఎంత బలానికి తెగుతాదో దాని గుర్తు. పాయింట్ తొమ్మిది అంటే, దాంట్లో పదింట తొమ్మిది వంతుల బలంతో లాగినా తిరిగి మామూలుకొస్తాదని. నార్మల్‌ది అంత లాగితే సాగిపోతాది, ఇంగ రాదు. టెన్షన్ లేకుండా ఏ బోల్టూ ఏదీ పట్టుకోలేదు మామా."

పదింట తొమ్మిది వంతులు ఓర్చుకునే రకం. నేనూ అంతే అనిపించింది. పైకి అనలేదు, మళ్లీ నవ్వుతారు.

అదే రోజు, సాయంత్రం

ఇంటికి నడిచి వస్తూ సుబ్బమ్మకు చెప్పాల్సిన మాటలన్నీ వరుసగా పేర్చుకున్నాను. చాలా మంచి మాటలు వచ్చాయి, సగం రాయకూడనివి. తలుపు తీసేసరికి ఆమె తలకు గుడ్డ కట్టుకొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా మొహం చూసింది.

"తెలిసిపాయనా?" అంది.

పేర్చుకున్న మాటల్లో ఇది లేదు.

"నేనేం చేయాల చెప్పు. టెన్షన్ వద్దు, టెన్షన్ వద్దు అని డాక్టరమ్మ నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పి పంపిస్తే, నువ్వు సంచి నిండా హైటెన్షన్ కొనుక్కొచ్చి ఇంట్లో పెడితివి. బీపీ నార్మల్‌కు రావాలనింది గదా ఆయమ్మ. నార్మల్‌వి తెస్తే మంచిది గదా అనుకుంటి."

కోపం ఎక్కడ పోయిందో పోయింది. నవ్వొచ్చింది. ఎంత నవ్వానంటే చిక్కుడుకాయల చాట తిరగబడింది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు, నేను నవ్వుతున్నానని కోపం వచ్చింది. కాయలు ఏరుతూ చెప్పాను, సుధారాణి నాకు చెప్పినట్టే. ఆమెకు ఎక్కలేదు. అప్పుడు మగ్గం సంగతి తట్టింది. సుబ్బమ్మ పుట్టిల్లు ధర్మవరం. పట్టుచీరల మగ్గాల మధ్య పెరిగింది.

"మగ్గం మీద పడుగు వదులుగా ఉంటే ఏమవుతాది?" అన్నాను.

"నేత రాదు. గుడ్డ చేపల వల మాదిరి వస్తాది."

"మరీ లాగి కడితే?"

"పోగులు తెగుతాయి."

"ఇదీ అంతే. ఎంత లాగాలో అంత లాగి ఉంచాల. అంత లాగినా తెగనివి ఇవి."

సుబ్బమ్మ కాయ ఒలవడం ఆపింది. "బిగువు అని చెప్పేదానికేం నీకు? పడుగుకు ఉన్నట్టే బోల్టుకూ బిగువు ఉండాల అంటే నాకు తెలీదా? టెన్షన్ అని ఇంగిలీషులో చెప్పి మనిషిని చంపుతారు" అంది.

సంగతి అంతే. మా నాయన నలభై ఏళ్లు మగ్గంలో బిగువు చూసుకుంటూ బతికాడు. ఆయనకు ఎవరూ నీకు టెన్షన్ ఉంది అని చెప్పలేదు.

జూలై 18, శుక్రవారం

సుధారాణి మళ్లీ మార్చి ఇచ్చిన బోల్టులు తీసుకొని, ఈసారి అద్దాలు పెట్టుకొని పోయాను. సంజీవప్ప ఒక్కో బోల్టు నెత్తిని నా ముక్కు ముందు పెట్టి, "చదువు" అన్నాడు. పది పాయింట్ తొమ్మిది. "ఇది?" పది పాయింట్ తొమ్మిది. ఎక్కాలు అప్పజెప్పినట్టు అన్నీ అప్పజెప్పించాడు. ఓర్చుకున్నాను.

టిక్కు. టిక్కు. టిక్కు. ఆ చప్పుడు వింటే కడుపు నిండింది. ఒక బోల్టు దగ్గర మాత్రం టిక్కుమన్న తర్వాత కూడా నా మనసుకు చాలదనిపించి, స్పానరుకు తగిలించుకోవడానికి ఇనుప పైపు కోసం వెతికాను. కనపడలేదు. సంజీవప్ప దాని మీద కూర్చొని ఉన్నాడు.

"నీ సంగతి తెలిసే కూచున్నా. టిక్కుమన్నాక ఇంగ ఒక్క పోటు గూడా వద్దు. నువ్వు యాడ ఆపాల్నో తెలీకనే బీపీ తెచ్చుకున్నావు" అన్నాడు.

ఇతనూ డాక్టరే అయిపోయాడు.

జూలై 22, మంగళవారం

ఖాళీ బండి తిప్పి తెచ్చాను. కొత్తగా వేసిన బోల్టులను కొంచెం దూరం పోయాక మళ్లీ ఒకసారి చూడాలట. సంజీవప్ప రెంచి పెట్టగానే అన్నీ టిక్కుమన్నాయి. ఒక్కటీ వదులు కాలేదు. లారీ కిర్రుమనడం లేదు. పెనుకొండ నుంచి పాట పాడుకుంటూ వచ్చాను.

సుబ్బమ్మ శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసుకుంది. ఇంట్లో ఈ మధ్య శొంఠి బాగా ఖర్చవుతోంది.

జూలై 25, శుక్రవారం

టెన్షన్: లేదు. ఈసారి నిజంగానే లేదు. ఏం రాయాలో తోచడం లేదు.

ఆగస్టు 1, శుక్రవారం

లోడుతో మొదటి ట్రిప్పు. ధర్మవరానికి. సుబ్బమ్మ నేనూ వస్తా అంది. నీకెందుకు దుమ్ములో అంటే, మా అక్క సుమలతను చూడాల అంది. అక్క నెల కిందటే వచ్చి పోయింది. సరే, ఎక్కించాను. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఎక్కింది, మళ్లీ ఇదే.

ముందర ఉండే కడ్డీ పట్టుకున్న మనిషి పెనుకొండ దాటేదాకా వదల్లేదు. ఎదురుగా బస్సు వస్తే కళ్లు మూసుకుంది. నేను ఓవర్‌టేక్ చేస్తే నోట్లో ఏదో చదువుకుంది. బోల్టులు బలంగా ఉన్నాయి, భయమెందుకే అన్నాను. ధర్మవరంలో దిగి, చీర దులుపుకొని, నిలబడి లారీని కింది నుంచి పైదాకా చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఏందింతేనా?"

"నేను ఇంట్లో కూచొని అనుకునేదాని కంటే రోడ్డు బాగానే ఉండాది."

ఆడవాళ్ల మాటలు. వాళ్లక్క ఇంట్లో జొన్నరొట్టె, వేరుశనగ కారం పెట్టారు. ఉప్పు వేసినవి. డాక్టరమ్మకు చెప్పను.

ఆగస్టు 6, బుధవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

పుట్టపర్తికి ఇద్దరమూ పోయాం. డాక్టరమ్మ నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, వదిలింది. నవ్వింది. "నార్మల్‌కు వచ్చింది ఓబుళప్ప గారూ. మాట తప్పను" అని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది. ముద్ర కూడా వేసింది. నేను లేచి నిలబడి దండం పెట్టాను. నెల రోజులుగా నిద్రలో కూడా చూసింది ఆ సంతకాన్నే.

సుబ్బమ్మ మూల కుర్చీలో తల పట్టుకొని కూర్చుంది. డాక్టరమ్మ ఆమెను చూసి, "మీరొకసారి రండమ్మా, ఎలాగూ వచ్చారు కదా" అంది. నాకేం, నేను బాగుండా అంటూనే సుబ్బమ్మ చెయ్యి చాపింది. డాక్టరమ్మ గాలి కొట్టింది. మళ్లీ కొట్టింది. చెయ్యి మార్చి ఇంకోసారి కొట్టింది.

నూట ఎనభై మీద ఉంది. నాకు మొదటిసారి చూసినప్పుడు కూడా అంత లేదు.

"ఈ తలనొప్పి ఎప్పటి నుంచి?" అని డాక్టరమ్మ నన్ను అడిగింది. నోరు తెరిచాను. ఎండ వల్ల అని చెప్పబోయాను. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగింది.

సుబ్బమ్మే చెప్పింది. "ఈయన లారీ ఎక్కినప్పటి నుంచమ్మా. పోయిన బండి వచ్చేదాకా నిద్ర రాదు నాకు. వచ్చినాక ఈయన గురక పెడతాడు, అప్పుడూ రాదు."

డాక్టరమ్మ నవ్వింది, సుబ్బమ్మ కూడా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. బయటికొచ్చి పంపు దగ్గర మొహం కడుక్కొని మళ్లీ లోపలికి పోయాను. ఎన్ని వేల రాత్రులు ఆ మనిషి తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉంటుంది. నేను ఏ ధాబాలోనో మంచం మీద హాయిగా పడుకొని, ఇంటికి ఫోను కూడా చేసే వాణ్ని కాదు. డ్రైవరు అన్నవాడు పెళ్లానికి ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే బండి కదలదని కుర్రవాళ్లకు నీతులు చెప్పేవాణ్ని. నాకు సిగ్గుగా ఉంది. భయంగా కూడా ఉంది. ఆమెకు ఏమన్నా అయితే నేను లారీని ఏం చేసుకోవాలి.

ఆగస్టు 7, గురువారం

సర్టిఫికెట్ బీరువాలో పెట్టాను. ఆర్‌టీవో ఆఫీసుకు పోలేదు.

ఆగస్టు 11, సోమవారం

పొద్దున కాఫీ దగ్గర చెప్పేశాను, లారీ అమ్మేస్తానని. రాత్రంతా ఆలోచించి తీసుకున్న నిర్ణయం. సుబ్బమ్మ సంతోషిస్తుందనుకున్నాను.

గ్లాసు కింద పెట్టి, "అమ్మి?" అంది.

"ఇంట్లోనే ఉంటా."

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా?"

"ఆ."

"అప్పుడు నా బీపీ యాడికి పోతాది? నూట ఎనభై యాడికి చాలుతాది?" అని కాఫీ తాగింది.

నెల కిందట తనే కదా అమ్మమన్నది అంటే, "అప్పుడు నేను ఎక్కి చూడలేదు. ఇప్పుడు చూసినా. నువ్వు బాగానే నడుపుతావు. ఓవర్‌టేకులు తప్ప" అంది. తర్వాత నా వైపు చూడకుండా, వేళ్లతో బల్ల మీద కాఫీ మరక తుడుస్తూ చెప్పింది. "పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చే బాడుగలే తీసుకో. పెనుకొండ చేరినాక ఒక ఫోను చెయ్యి, ధర్మవరం చేరినాక ఒకటి. చేరినా అని చెప్పు చాలు. అంతకంటే ఏం మాట్లాడొద్దులే, నీకు నామోషీ గదా."

నామోషీ ఏమీ లేదన్నాను. మధ్యాహ్నం ఆర్‌టీవో ఆఫీసుకు పోయి కాగితాలు ఇచ్చాను.

ఆగస్టు 14, గురువారం

పొద్దున చింతపండు ఎత్తుకొని పోయాను. సుబ్బమ్మకు మాత్ర ఇచ్చి, వేసుకునేదాకా నిలబడి చూసి పోయాను. పెనుకొండలో సంజీవప్ప షెడ్డు ముందు బండి ఆపి ఫోను చేశాను. చేరినా అన్నాను. సరే అంది. సంజీవప్ప చెవులు ఇటే పెట్టి విన్నాడు. "ఏమబ్బా, కొత్త పెండ్లికొడుకా" అన్నాడు. అవును అన్నాను. ధర్మవరంలో దించేసి మళ్లీ చేశాను. చేరినా. సరే. బయలుదేరతాండా. సరే, మెల్లగా రా.

పొద్దు ఉండగానే ఇంటికొచ్చాను. లారీ చప్పుడు వీధి చివరి నుంచే వినిపిస్తుంది. ఎప్పుడూ నేను ఇంజను ఆపేలోపు ఆమె గడపలో ఉంటుంది. ఈ రోజు లేదు. చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను.

చాప మీద ఒక పక్కకు తిరిగి నిద్రపోతోంది. తలకు గుడ్డ లేదు. నోరు కొంచెం తెరిచి, చిన్నగా గురక కూడా పెడుతోంది. ఇన్నేళ్లలో నేను వచ్చేసరికి సుబ్బమ్మ నిద్రపోయి ఉండటం నేను చూడలేదు. చెప్పులు విడిచి, చప్పుడు కాకుండా గోడకు ఆనుకొని కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, కదపలేదు. పాలవాడు వచ్చి గంట కొట్టబోతే చెయ్యి ఊపి పంపేశాను.

చీకటి పడుతుండగా కళ్లు తెరిచింది. నన్ను చూసి గబుక్కున లేచి కూర్చుంది.

"ఎంతసేపాయ నువ్వొచ్చి?"

"ఇప్పుడే" అన్నాను.